మేస్త్రి పెట్టిన చేప భోజనం

ఆ వీధిలో ఇళ్లు కట్టే మేస్త్రులు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. అయినా ఎవరైనా వచ్చి "మేస్త్రి ఇల్లెక్కడ?" అని అడిగితే అందరూ చూపించేది మలుపు దగ్గరున్న వడ్రంగి కొట్టునే. ముందు గది కొట్టు, వెనక గది పడక, ఆ వెనక వంటిల్లు. పద్నాలుగో ఏట ఉలి పట్టిన మనిషి, యాభై ఎనిమిదో ఏడు వచ్చినా దించలేదు. ఆ చుట్టుపక్కల తలుపుల్లో సగం అతను బిగించినవే. పెళ్లి మాట ఎవరెత్తినా "కర్ర ఇంకా ఆరలేదు" అని తప్పించుకునేవాడు. అలా తప్పించుకుంటూనే జుట్టు నెరిసిపోయింది.

నాలుగేళ్ల కిందట చూపు పోయింది. ఒక్క రోజులో పోలేదు. కళ్లలో ఒత్తిడి పెరిగి, అంచుల నుంచి లోపలికి తరుగుతూ వచ్చి, చివరికి వెలుతురుందా లేదా అని తెలిసే మటుకు మిగిలింది. మొదటి ఆరు నెలలు మేస్త్రి మంచం దిగలేదు. ఏడో నెలలో ఒక పొద్దున లేచి కొట్టులోకి వెళ్లాడు. ఒక చెక్కముక్క తీసుకుని, దాని నార ఎటు పోతోందో వేలితో కనుక్కుని, చిత్రిక పట్టాడు. ఆనాటి నుంచి పెద్ద రంపం జోలికి పోకుండా స్టూళ్లు, పీటలు, సొరుగుల పిడులు చేస్తున్నాడు. చూపున్న రోజుల్లో కన్నా ఇప్పుడే పని నునుపుగా వస్తోందని కొనేవాళ్ల మాట.

వంట కూడా అలాగే చేతికి తెచ్చుకున్నాడు. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదారకు రెండు, మిరియాల పొడికి మూడు. గ్యాస్ ఓవెన్ పిడి మీద, వేడి సరిగ్గా ఉండే చోట ఒక లక్క బొట్టు. వేలికి ఆ బొట్టు తగిలేదాకా తిప్పితే చాలు. నిజానికి అక్కడ ఆకురాయితో చిన్న గీత కొట్టేస్తే ఇంకా గట్టిగా ఉండేది. కానీ కొత్త వస్తువు మీద గీత పడటం వడ్రంగి ప్రాణానికి సహించదు. ఆ ఒక్క మెతకతనానికి తర్వాత ఎంత తిప్పలు పడ్డాడో ముందుముందు మీరే చూస్తారు.

అతనికి ఒక అక్క ఉంది. తల్లి పోయేనాటికి ఇతనికి ఐదేళ్లు, ఆవిడకు పన్నెండు. స్నానం చేయించింది, అన్నం కలిపి పెట్టింది, బడి ఎగ్గొడితే వీపు విమానం మోత మోగించింది. పెళ్లయి వేరే ఊరు వెళ్లినా మనసు తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. చూపు పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేస్తుంది. రోజూ ఒకటే పాట: వచ్చి మా దగ్గర ఉండు.

ఆవిడ ఇల్లు ఐదో అంతస్తులో. మేస్త్రి ఒకసారి వెళ్లి పది రోజులున్నాడు. మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు. తలుపు దాకా వెళ్తే వెంట వచ్చింది. బాల్కనీలో కుర్చీ వేసి, "హాయిగా కూర్చుని గాలి పీల్చుకోరా" అంది. ఆ పది రోజుల్లో అతను చేసిన ఒకే ఒక్క పని ఆ కుర్చీ చేతిని అరచేత్తో రుద్దడం. అక్క ప్రేమలో వంక పెట్టడానికి ఏమీ లేదు, చిక్కంతా అక్కడే. చెడ్డవాళ్ల నుంచి పారిపోవచ్చు గానీ, మంచివాళ్ల నుంచి ఎక్కడికని పారిపోతాం?

ఈసారి ఆవిడ గట్టిగా పట్టు పట్టింది.

"శనివారం నేనూ, మీ బావా వస్తున్నాం. ఆదివారం పొద్దున ముగ్గురం కలిసి బయల్దేరతాం. కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చేయ్."

"నాకిక్కడ ఏం లోటక్కా?"

"ఏం లోటా? నిప్పు దగ్గర ఒక్కడివే ఉంటావు. మొన్న నువ్వు చేప వండుకున్నానన్నావు చూడు, ఆ రోజంతా నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. గొంతులో ముల్లు గుచ్చుకుంటే ఎవరున్నార్రా నీకు?"

మేస్త్రికి ఒళ్లు మండింది. మంటలోనే ఒక ఆలోచన కూడా తట్టింది.

"సరే, పందెం వేసుకుందాం. శనివారం సాయంత్రం మీ ఇద్దరికీ చేపే పెడతా. ఓవెన్‌లో కాల్చి, పైన కరకరలాడే పొర వేసి. ఒక్క ముల్లు దొరికినా, మాడినా, పచ్చిగా ఉన్నా, నేనే పెట్టె సర్దుకుని నీ వెనక వచ్చేస్తా. బాగుంటే మాత్రం ఈ మాట మళ్లీ ఎత్తకూడదు."

అవతల ఫోన్‌కు దూరంగా బావ గొంతు వినిపించింది. "ఒప్పుకోవే. నెగ్గినా ఓడినా మనకు భోజనం గ్యారంటీ."

"సరే. మాటంటే మాటే" అంది అక్క.

శనివారం మధ్యాహ్నం వాళ్లు దిగారు. మేస్త్రి మంచినీళ్లిచ్చి, కుశలం అడిగి, కర్ర పట్టుకుని చేపల బజారుకు బయల్దేరాడు. అక్క వెంట వస్తానంది. పందెంలో అది లేదన్నాడు. బజారులో గంట సేపు చేపలావిడను విసిగించాడు. తెల్లటి మెత్తటి చేప, వెన్నుముల్లు తీసేసి, మందంగా కోసిన నాలుగు పెద్ద ముక్కలు. ఒక్కో ముక్కనూ వేలితో నొక్కి, పల్లం వెంటనే పైకి లేస్తేనే ఒప్పుకున్నాడు. "టేకు చెక్క కొంటున్నావా మేస్త్రీ?" అందావిడ. "టేకయితే ఇంత బేరం చేయను" అన్నాడు.

తిరిగొచ్చి వంటింట్లో అడుగు పెట్టగానే నేల తడిగా తగిలింది. సబ్బు వాసన గుప్పుమంది.

"ఎంత జిడ్డురా బాబూ" అంటోంది అక్క, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. "ఒక్క క్షణం కూర్చోబుద్ధి కాలేదు. అంతా కడిగేశా. నీకోసం కొత్త గాజు సీసాలు తెచ్చా, ఇరవై రెండు, అన్నీ ఒకటే రకం. అన్నీ పోసి, ఒక్కోదానికీ ముత్యాల్లాంటి అక్షరాలతో చీటీ అంటించా. ఎంత ముచ్చటగా ఉన్నాయో."

కళ్లున్నవాళ్లకు ఒక జబ్బుంటుంది. ఏ వస్తువైనా చూడటానికి ముచ్చటగా ఉంటే చాలు, అది మంచిదే అనుకుంటారు. ఆ ముత్యాల్లాంటి అక్షరాలు ఎవరి కోసం రాస్తున్నానని ఆవిడకు ఒక్క క్షణం కూడా తోచలేదు. తమ్ముడికి చూపు లేదని నాలుగేళ్లుగా ఏడుస్తున్న మనిషే ఆ పని చేసింది.

మేస్త్రి చెయ్యి చాచి అర తడిమాడు. నున్నటి సీసా, పక్కన నున్నటి సీసా, ఆ పక్కనా అదే. రబ్బరు బ్యాండు ఒక్కటీ లేదు. అప్పుడు చెయ్యి ఓవెన్ పిడి మీదకు వెళ్లింది. అదీ నున్నగా ఉంది.

"ఆ పిడి మీద ఏదో ఎర్రగా గడ్డకట్టి ఉంటే, చాకుతో గీకి గీకి తీశాను" అంది అక్క.

నోటి దాకా వచ్చిన మాటను మేస్త్రి మింగేశాడు. ఎందుకంటే చెబితే ఏమవుతుందో అతనికి తెలుసు. 'చూశావా, నాలుగు రబ్బరు బ్యాండ్లు పోతే నీ బతుకు ఆగిపోతుంది, ఇందుకే రమ్మంటున్నా' అంటుంది. చేప ఓవెన్‌లోకి వెళ్లకముందే పందెం పోతుంది. రేపీపాటికి ఐదో అంతస్తు, బాల్కనీ, కుర్చీ.

"బాగుందక్కా. ఇక నువ్వు గుమ్మం అవతల కూర్చో. లోపల అడుగు పెడితే పందెం చెల్లదు" అన్నాడు. ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని న్యాయమూర్తిలా కూర్చుంది. బావ పడకగదిలో పేపరు చదువుకుంటున్నాడు.

మేస్త్రి ఒక్కో సీసా మూత తీసి ముందు వాసన చూశాడు. అక్క ఉత్సాహంలో సబ్బుపొడిని కూడా సీసాలో పోసి ఉండదన్న నమ్మకం లేదు. తర్వాత చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. మూడోది పంచదార. ఐదోది వంటసోడా, ముఖం వికారంగా పెట్టాడు. ఎనిమిదోది ఉప్పు. దొరికిన ఉప్పును ఎడమ చేతి మూలకు జరిపాడు. మిరియాలు తుమ్ము తెప్పించి వాటంతటవే దొరికాయి.

"ఏంట్రా, అన్నీ రుచి చూస్తున్నావు?"

"పాతవి కదా, వంటలో వేసే ముందు పాడయ్యాయేమో చూడొద్దూ?"

ఎండబెట్టి దంచిన బ్రెడ్డు పొడికీ, రవ్వకూ వాసనలో పెద్ద తేడా తెలియలేదు. రెండు సీసాల నుంచీ కాస్త కాస్త తీసి, వేళ్ల మధ్య నలిపాడు. నలభై నాలుగేళ్లుగా సాండ్ పేపరు నంబరు వేలితో చెప్పగలిగిన మనిషి అతను. ఎడమ చేతిది నూట ఇరవై నంబరు, సన్నం, అది రవ్వ. కుడి చేతిది నలభై నంబరు, మోటు, మూలలున్న గరుకు. బ్రెడ్డు పొడి దొరికింది. మేస్త్రికి ఆ రోజు మొదటిసారి ఊపిరి ఆడింది.

చేప ముక్కలను పొడిగుడ్డ మీద పరిచి, రెండు వైపులా అద్దాడు. తడి ఉంటే పైపొర మెత్తబడి ముద్దవుతుంది. ముల్లు వెతకబోతుంటే అక్క ఆగలేకపోయింది.

"ఆ పని నన్ను చూడనీ. గొంతుకు సంబంధించిన విషయం."

"చూడు. చేత్తో ముట్టుకోకుండా చూడు" అని పళ్లెం గుమ్మం దాకా తెచ్చాడు.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, దీపం వేయించి, పళ్లెం మీదకు వంగి, ఒక్కో ముక్కనూ పరీక్షగా చూసింది. "ఒక్కటి కూడా లేదు. చేపలావిడ శుభ్రంగా తీసింది."

మేస్త్రి బొటనవేలిని ముక్క మీద నారకు ఎదురు దిశలో నెమ్మదిగా నడిపించాడు. వేలు ఒకచోట ఆగింది. కొట్టులోంచి కడిగి తెచ్చుకున్న సన్న పటకారుతో పట్టి లాగాడు. వేలెడు ముల్లు బయటికొచ్చింది. పక్కనున్న సాసరులో వేస్తే టిక్కుమంది. మళ్లీ వేలు నడిచింది, మళ్లీ టిక్కు. పేపరు వదిలేసి బావ ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నాలుగు ముక్కలూ అయ్యేసరికి ఏడు.

"కళ్లజోడు మార్పించుకోవాలే నువ్వు" అన్నాడు బావ.

"తెల్ల మాంసంలో తెల్ల ముల్లు ఎవరికి కనిపిస్తుందండీ" అని గొణిగింది అక్క. కానీ ఆ సాసరు వంక చూస్తూ ఉండిపోయింది.

తర్వాతది అసలు గండం. వెన్న కరిగించి, వెల్లుల్లి దంచి వేసి, మిరియాల పొడి, ఉప్పు, తురిమిన నిమ్మతొక్క కలిపి, అందులో బ్రెడ్డు పొడి పోసి వేళ్లతో కలిపాడు. ఉండకట్టకుండా, విడివిడిగా తడి ఇసుకలా రావాలి, వచ్చింది. చేప ముక్కల మీద వేలి మందాన పరిచి, అరచేత్తో అదిమాడు. బంగాళాదుంప ముక్కలు చుట్టూ సర్దాడు. అంతా సిద్ధమే, ఓవెన్ వేడి తప్ప. బొట్టు లేని పిడిని ఎంతవరకు తిప్పాలి?

అందాజుగా తిప్పి మంట చప్పుడు విన్నాడు. ఓవెన్ కాస్త కాగాక, ఒక మూత బోర్లించి, దాని మీద చిటికెడు పొడి వేసి లోపల పెట్టాడు. రెండు నిమిషాలకు చేదు వాసన వచ్చింది.

"ఏదో మాడుతోందిరా" అంది అక్క. ఆ గొంతులో దిగులుంది. దిగులు పక్కనే కొంచెం ఆశ కూడా ఉందని మేస్త్రికి వినిపించింది.

"మాడాల్సిందే, పరీక్షకు వేశా" అన్నాడు. చెప్పడమైతే ధీమాగా చెప్పాడు గానీ వీపంతా చెమట. పిడిని గోరంత వెనక్కి తిప్పాడు. తలుపు తీసి వేడి కాస్త తగ్గనిచ్చాడు. కుర్రతనంలో జిగురు కాచే డబ్బా మీద చెయ్యి పెట్టి వేడి చూసేవాడు, ఎంతసేపు ఓర్చుకోగలిగితే జిగురు సరైన పాకాన ఉన్నట్టో అతని చేతికి తెలుసు. ఇప్పుడు ఓవెన్ నోటి దగ్గర అరచెయ్యి పెట్టి అలాగే అంకెలు లెక్కపెట్టాడు. మళ్లీ చిటికెడు పొడి వేశాడు. రెండు నిమిషాలు, మూడు, నాలుగు. అప్పుడు వేయించిన పల్లీల్లాంటి కమ్మని వాసన మెల్లగా బయటికొచ్చింది. మేస్త్రి ఆ పిడిని ఉన్నచోటనే వదిలేసి, చేప పళ్లేన్ని పై అరలోకి తోశాడు.

ఇక పదిహేను నిమిషాల పాటు ఓవెన్ ముందు నుంచి కదల్లేదు. బావ ఏదో జోకు వేశాడు, వినలేదు. పదిహేను నిమిషాలయ్యాక పళ్లెం బయటికి లాగి, ఫోర్కు వెనక వైపుతో పైపొరను గీరాడు. మెత్తటి చప్పుడు. ఇంకా కాలేదు. మళ్లీ లోపలికి తోసి, మరో మూడు నిమిషాలు ఆగి, మళ్లీ గీరాడు. ఈసారి గరగరమని ముక్కముక్కలుగా పలికింది. సన్నటి చాకును చేప మధ్యలోకి దించి, తీసి, పెదవికి ఆనించుకున్నాడు. చురుక్కుమంది. లోపలి దాకా ఉడికింది.

రాత్రి ఏడున్నరకు కొట్టులోని పని బల్ల మీద దుప్పటి పరిచి, మూడు కంచాలు పెట్టాడు. తనకు కొంచెమే వడ్డించుకుని ముట్టుకోకుండా కూర్చున్నాడు. చెవులు రెండూ అక్క కంచం మీదే ఉన్నాయి.

"రంపపు పొట్టు కాదు కదరా పైన వేసింది?" అన్నాడు బావ.

"టేకు పొట్టు, బావా. ఖరీదైనది."

అక్క ఫోర్కు పొర మీద పడింది. పటుక్కుమని విరిగింది. ఆ చప్పుడు గదిలో ముగ్గురికీ వినబడింది. తర్వాత ఆవిడ తినలేదు. చేపను చిన్న చిన్న రేకులుగా విడదీస్తూ, ఒక్కో రేకునూ అటూ ఇటూ తిప్పుతోంది.

"తింటున్నావా, తవ్వుతున్నావా?" అన్నాడు బావ.

ఆవిడ నోట్లో పెట్టుకుంది. కరకర నమిలింది. ఇంకో ముద్ద. ఆ తర్వాత ఫోర్కు ఆగలేదు. కంచం గీకిన చప్పుడయింది. పెద్ద పళ్లెంలో గరిటె కదిలింది. ఆవిడ అడగకుండానే రెండో ముక్క వేసుకుంటోంది. మేస్త్రికి ఒళ్లంతా జల్లుమంది.

"ముల్లు దొరికిందా?" అడిగాడు బావ.

"లేదు."

"మాడిందా?"

"లేదు."

"పచ్చిగా ఉందా పోనీ?"

"మీరు నోరు మూసుకుని తినండి" అంది అక్క. ఆ తర్వాత గొంతు సవరించుకుంది. "ఒరే, నేనూ యాభై ఏళ్లుగా వండుతున్నా. చేప ఇలా విచ్చుకుని, పైన ఇలా కరకరలాడుతూ నా చేతిలో ఏనాడూ రాలేదు. ఓడిపోయానురా."

మేస్త్రి బల్ల మీద చేత్తో ఒక్క దెబ్బ వేశాడు. గ్లాసులు ఎగిరాయి. నాలుగేళ్లలో ఇంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు. దాచుకోవాలని కూడా అనిపించలేదు. పగలబడి నవ్వాడు. బావ కూడా అందుకున్నాడు. అప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నిజంగానే బాగుందని తనే ఆశ్చర్యపోయాడు.

"ఇప్పుడు చెప్పొచ్చు" అని, సీసాల సంగతీ, రబ్బరు బ్యాండ్ల సంగతీ, పిడి మీద లక్క బొట్టు సంగతీ అంతా చెప్పాడు. వంటసోడా రుచి చూసిన దగ్గర బావ పొట్ట పట్టుకున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు.

"నీ వంటింట్లోనే నీ కళ్లకు నేను గంతలు కట్టేశానన్నమాట" అంది మెల్లగా. "మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే తీసుకుపోయేదానివి."

ఆవిడకు కన్నీళ్లొచ్చాయి. ముక్కు చీదిన చప్పుడుకు మేస్త్రి చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నీ గురించి నాకు భయంరా. అది పోదు. ఇక్కడే ఉన్నా పోదు, నా దగ్గరున్నా పోదు."

"పోకపోతే పోనీయక్కా. ఫోన్ మాత్రం మానకు."

భోజనాలయ్యాక మేస్త్రి పిడిని ఊడదీసి కొట్టులోకి తెచ్చి, ఆకురాయి తీసి, ఇక మొహమాటం లేకుండా లోతైన గీత కొట్టుకున్నాడు. బావ పెట్టె తెరిచి, తమ ఇద్దరి బట్టలు మాత్రం సర్దుతున్నాడు. వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది. తోమడం పందెంలో లేదు గనక మేస్త్రి వద్దనలేదు. కాసేపటికి కుళాయి ఆగింది. ఆవిడ చేప కాల్చిన పళ్లేన్ని తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఒరే, ఇది ఎక్కడ పెట్టాలి?"

"ఓవెన్ కింద అరలో, ఎడమ పక్కన, నిలబెట్టి."

ఆవిడ వెనక్కి వెళ్లి, వంగి అక్కడే పెట్టింది. సరిగ్గా పెట్టానా అని వచ్చి చూడమంది.